యంత్రాన్ని విప్పి చదువుకున్న తెలుగువాడు జి.డి. నాయుడు

పుదుచ్చేరి: సముద్రతీర పట్టణంలో కారుకు వయసు త్వరగా మీద పడుతుంది. ఉప్పు తేమ చేరిన చోట ఉక్కుతో చేసిన స్పార్క్ ప్లగ్గు, అల్యూమినియంతో చేసిన సిలిండర్ హెడ్ ఒకదానినొకటి పట్టుకుని మొండికేస్తాయి. ఇంటి ముందు బండి నిలిపి ప్లగ్గులు స్వయంగా మార్చుకుందామని బానెట్ ఎత్తిన పుదుచ్చేరి వాసికి మరో చిక్కు ఎదురవుతుంది. ఇంజిన్‌ను అడ్డంగా అమర్చిన కొన్ని ఆరు సిలిండర్ల కార్లలో ముందు వరుస ప్లగ్గులు చేతికి అందుతాయి. వెనుక వరుసవి గాలి గొట్టాల కింద, గోడకు ఆనుకుని దాగి ఉంటాయి. మారుతీ ఓమ్నీ వంటి వ్యాన్లలోనైతే ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. సీటు ఎత్తితే తప్ప ప్లగ్గు దర్శనం కాదు.

ఆ క్షణంలో యజమాని ముందు రెండు దారులుంటాయి. బానెట్ మూసి బండిని షెడ్డుకు పంపడం ఒకటి, ఓపికగా ఒక్కొక్క భాగం విప్పి చూడడం రెండోది. ఈ రెండో దారిని జీవితమంతా నడిచి, దానినే విద్యగా, వృత్తిగా, చివరికి వాదంగా మలచుకున్న తెలుగువాడు ఒకరున్నారు. పుదుచ్చేరి నుంచి పడమరగా తమిళనేలను దాటితే వచ్చే కోయంబత్తూరు ఆయన కార్యక్షేత్రం. ఆయన పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడు. అభిమానులు ఆయనను భారతదేశపు ఎడిసన్ అని పిలుచుకున్నారు. ఇంజినీరింగ్ పట్టా మాత్రం ఆయనకు ఏనాడూ లేదు.

కలంగల్ పల్లె నుంచి

1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో నాయుడు జన్మించారు. కొంగునాడుగా పేరొందిన ఆ ప్రాంతంలో శతాబ్దాల కిందటే స్థిరపడిన తెలుగు వ్యవసాయ కుటుంబాలు అనేకం. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు వారికి అలవాటైన జీవనరీతి. పుట్టిన కొద్దికాలానికే నాయుడు తల్లిని కోల్పోయారు. బడి ఆయనకు రుచించలేదు. ఉపాధ్యాయుల మీద ఇసుక చల్లి శిక్షలు అనుభవించిన అల్లరి పిల్లవాడిగానే ఆయన బాల్యాన్ని జీవితచరిత్రలు చిత్రిస్తాయి. చదువు ప్రాథమిక దశలోనే ఆగిపోయింది.

బడి మానిన ఆ కుర్రవాడిని మళ్లీ విద్యార్థిగా మార్చింది ఒక మోటారు సైకిల్. రెవెన్యూ శాఖకు చెందిన ఒక బ్రిటిష్ అధికారి దాని మీద ఆ ప్రాంతానికి వచ్చారు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా తనంతట తాను కదిలే బండిని నాయుడు మొదటిసారి చూశారు. అటువంటిది తనకూ కావాలన్న కోరికతో పల్లె విడిచి కోయంబత్తూరు చేరి ఒక హోటల్‌లో సర్వర్‌గా కుదిరారు. సుమారు మూడేళ్లు పనిచేసి, దాదాపు 400 రూపాయలు కూడబెట్టి, ఆ రడ్జ్ మోటారు సైకిల్‌నే దాని యజమాని నుంచి కొనుక్కున్నారు.

కొన్న బండి మీద ఊరేగి ఉంటే ఆయన కథ అక్కడితో ముగిసేది. నాయుడు దానిని భాగాలుగా విప్పేశారు. ఏది ఎందుకుందో చూసి మళ్లీ బిగించారు. ఆయన చదివిన మొదటి సాంకేతిక గ్రంథం ఆ బండే.

ఒక నిప్పురవ్వ చెప్పే పాఠం

ఆ తరం మోటారు సైకిల్ నేర్వదలచినవాడికి దయగల గురువు. ఒకే సిలిండర్, దాని తలమీద అందరికీ కనిపించేలా ఒకే ప్లగ్గు, దానికి విద్యుత్తు అందించే మాగ్నెటో. దాచిపెట్టిన భాగం దాదాపు ఏదీ లేదు. ప్లగ్గును విప్పి వెలుతురులో చూస్తే ఇంజిన్ లోపలి ఆరోగ్యం తెలిసిపోతుంది. కొన లేత గోధుమరంగులో ఉంటే మంట సక్రమంగా ఉన్నట్లు. పొడి మసి పట్టితే పెట్రోలు ఎక్కువగా, గాలి తక్కువగా అందుతున్నట్లు. నూనె జిడ్డు కనిపిస్తే పిస్టన్ రింగులో, వాల్వులో అరిగినట్లు. పింగాణీ పాలిపోయి తెల్లబడితే వేడి మితిమీరినట్లు. నాడి పట్టి రోగం చెప్పే వైద్యుడికి నాడి ఎలాగో, మెకానిక్‌కు ప్లగ్గు అలాగు.

ఆ చిన్న పరికరం వెనుక పెద్ద చరిత్రే ఉంది. పుదుచ్చేరి ఫ్రెంచి పాలనలో ఉన్న కాలంలోనే, 1860లో, పారిస్‌లో ఎతియెన్ లెనోయిర్ అనే యంత్రకారుడు వాయువును విద్యుత్ రవ్వతో మండించి నడిపే ఇంజిన్‌కు పేటెంటు పొందారు. నేటి స్పార్క్ ప్లగ్గుకు పూర్వరూపం అందులో ఉంది. ఆ తరువాత 1902లో జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థకు చెందిన ఇంజినీరు గాట్‌లోబ్ హోనాల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును రూపొందించారు. దానితో ఇంజిన్‌ను నమ్మకంగా, వేగంగా నడపడం సాధ్యమైంది. పారిస్‌లోనూ జర్మనీలోనూ పెరిగిన ఆ విజ్ఞానం కోయంబత్తూరులో ఒక హోటల్ సర్వర్ చేతికి రావడం విశేషం. అది పుస్తకాల దారిన రాలేదు. యంత్రం రూపంలోనే వచ్చింది. నాయుడు దానిని యంత్రం నుంచే తిరిగి రాబట్టుకున్నారు.

పొల్లాచ్చి–పళని బస్సు

మెకానిక్‌గా పేరు తెచ్చుకున్న తరువాత నాయుడు పత్తి వ్యాపారంలో అడుగుపెట్టారు. మొదట లాభాలు చూశారు, ఆపై బొంబాయి పత్తి బజారులో పోగొట్టుకున్నారు. తిరిగి వచ్చి తనకు తెలిసిన విద్యనే ఆశ్రయించారు. కోయంబత్తూరులో పరిశ్రమలకు ఆద్యుడైన రాబర్ట్ స్టేన్స్ తోడ్పాటుతో 1920లో ఒక బస్సు కొన్నారు. దానిని పొల్లాచ్చి నుంచి పళనికి తానే నడిపారు. సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి వెళ్లే యాత్రికులు, సంతకు వెళ్లే రైతులు ఆ దారిలో తిరిగే ప్రయాణికులు.

నాటి బస్సు నడపడమంటే ఒక చేత చక్రం, మరో చేత పానా పట్టుకోవడమే. పెట్రోలు నాణ్యత నేటిలా ఉండేది కాదు. సిలిండర్లలోకి నూనె ఎక్కేది. ప్లగ్గులకు త్వరత్వరగా మసి పట్టేది. తీగల బ్రష్షుతో ప్లగ్గు తుడవడం, సందు సరిచేసి తిరిగి బిగించడం డ్రైవరు నిత్యకృత్యం. దారి మధ్యలో ఆగిన బస్సుకు ఆ పూట ఆదాయం లేదు, మరుసటి రోజు నమ్మకమూ లేదు. అందుకే తన చేతులతో ఇంజిన్‌ను ఎరిగిన యజమానికి ఆ వ్యాపారంలో గొప్ప అనుకూలత ఉండేది. ఒక్క బస్సు కొన్నేళ్లలో బస్సుల వరుసగా, యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా పెరిగింది. యు.ఎం.ఎస్. అన్న పొడి అక్షరాలతో ఆ సంస్థ సమయపాలనకు, సమర్థ నిర్వహణకు దక్షిణాదిన పేరు పొందింది.

మోటారు నుంచి క్షవర యంత్రం వరకు

బస్సుల తరువాత నాయుడు దృష్టి తయారీ వైపు మళ్లింది. 1937లో కోయంబత్తూరు శివారు పీళమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుంచి విద్యుత్ మోటారు వెలువడింది. దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దానికి ఖ్యాతి ఉంది. ఈ కృషిలో ఆయనతో కలిసి నడిచిన డి. బాలసుందరం ఆ తరువాత టెక్స్‌టూల్ సంస్థను నెలకొల్పారు. బావి నీటిని తోడే పంపుసెట్లకు, వస్త్ర మిల్లులకు అవసరమైన యంత్రాల తయారీలో కోయంబత్తూరు పెద్ద కేంద్రంగా ఎదగడానికి ఆ కాలపు ప్రయత్నాలు పునాది వేశాయి.

నాయుడు ఆసక్తి ఒక్క రంగంలో నిలిచేది కాదు. బ్యాటరీలతో తిరిగే చిన్న మోటారుతో రసంత్ అనే క్షవర యంత్రాన్ని రూపొందించారు. పలచని క్షవర బ్లేడ్లు, పళ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే పంకా, సినిమా కెమెరాకు దూరం సరిచేసే పరికరం, మోసానికి తావివ్వని ఓటు నమోదు యంత్రం ఆయన పేరుతో నిలిచిన ఇతర సృష్టులు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి రకాల మీద సొంత పొలంలో ప్రయోగాలు చేశారు. సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటివారు ఆ పొలాన్ని సందర్శించారు. చిత్రగ్రహణం మీద మక్కువతో గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోస్‌ల ఛాయాచిత్రాలు తీశారు. 1936లో లండన్‌లో జరిగిన అయిదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించారు. అదే దశలో మద్రాసు రాష్ట్ర ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి ఓటమి చవిచూశారు.

ఈ వైవిధ్యం చూసి ఆయనను విచిత్ర మేధావిగా మాత్రమే చెప్పుకోవడం పరిపాటి అయింది. లోపల మాత్రం ఒకే పద్ధతి కనిపిస్తుంది. ఖరీదైన విదేశీ వస్తువును తెచ్చి, విప్పి, దాని మర్మం గ్రహించి, ఇక్కడి మనిషి కొనగలిగే ధరకు తిరిగి కట్టడం. 1941లో అయిదు వాల్వుల రేడియోను కేవలం 70 రూపాయలకు తయారు చేయగలనని ఆయన ప్రకటించారు. రడ్జ్ బండి దగ్గర నేర్చిన పాఠాన్నే జీవితమంతా అప్పగించారన్నమాట.

నాలుగేళ్లా, రెండేళ్లా?

1944లో నాయుడు తన మోటారు వ్యాపారం నుంచి క్రియాశీల పాత్రను విరమించుకున్నారు. పరిశోధక విద్యార్థులకు ఉపకార వేతనాలు, ఉద్యోగుల సంక్షేమ పథకాలు ప్రకటించారు. సాంకేతిక విద్య మీద దృష్టి నిలిపారు. ఆయన కృషి, విరాళాల ఫలితంగా కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఆర్థర్ హోప్ ఇంజినీరింగ్ కళాశాల ఏర్పడ్డాయి. నాటి మద్రాసు గవర్నర్ పేరు వాటికి పెట్టారు. ప్రాథమిక విద్యతో బడి విడిచిన వ్యక్తి 1945లో ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు.

ఆ పదవిలో ఆయన ఎక్కువకాలం నిలవలేదు. ఇంజినీరును తయారు చేయడానికి నాలుగేళ్లు అక్కరలేదని, రెండేళ్లు చాలునని ఆయన నిశ్చితాభిప్రాయం. విద్యార్థి తరగతి గదిలో గడిపే కాలం తగ్గి యంత్రం దగ్గర గడిపే కాలం పెరగాలని ఆయన వాదించారు. ప్రభుత్వం అంగీకరించలేదు. నాయుడు పదవి వదులుకున్నారు. కళాశాల తరువాత వేరే ప్రాంగణానికి మారింది. అదే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

ఈ వివాదంలో నాయుడు వాదమే పూర్తిగా సరైనదని చెప్పలేం. వంతెనకో, విద్యుత్ కేంద్రానికో లెక్కలు కట్టేవారికి గణితం, పదార్థ శాస్త్రం లోతుగా తెలియాలి. అవి విప్పి చూసినంత మాత్రాన రావు. అయితే పట్టా చేతికొచ్చినా పానా పట్టడం తెలియని ఇంజినీరు గురించి నేటికీ వినిపించే ఫిర్యాదును ఆయన ఎనభై ఏళ్ల కిందటే గుర్తించారు.

రోడ్డెక్కని రెండు వేల రూపాయల కారు

నాయుడు జీవితంలో అతిపెద్ద ఆశాభంగం కారు రూపంలో వచ్చింది. 1952లో ఆయన ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారును సిద్ధం చేశారు. దాని ధర సుమారు 2,000 రూపాయలు మాత్రమే. కారు ధనికుల ఆస్తిగా ఉన్న రోజుల్లో అది సామాన్య ఉద్యోగికి, చిన్న వ్యాపారికి ఊరించే అంకె.

కాలం మాత్రం కలిసిరాలేదు. 1951లో చేసిన పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1952 మే నెలలో అమలులోకి వచ్చింది. చట్టం పేర్కొన్న పరిశ్రమల్లో ఉత్పత్తికి కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. విదేశీ మారకద్రవ్యం కొరతగా ఉన్న కొత్త దేశం, ఉక్కును, యంత్ర సామగ్రిని ఎవరికి ఎంత కేటాయించాలో తానే నిర్ణయించాలని భావించింది. ఆ ఆలోచనకు దాని కారణాలు దానికి ఉన్నాయి. నాయుడు కారుకు మాత్రం తయారీ అనుమతి లభించలేదు. బండి నమూనా దశలోనే నిలిచిపోయింది.

ఆ కారు నిజంగా అంత చవకగా, మన్నికగా, వేల సంఖ్యలో తయారయ్యేదా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పే అవకాశాన్ని కూడా ఆ నిరాకరణ తీసుకుపోయింది. మార్కెట్‌లో ఓడిపోయి ఉంటే అది ఒక పాఠమయ్యేది. రోడ్డెక్కకపోవడం వల్ల అది గెలుపూ కాలేదు, ఓటమీ కాలేదు. సామాన్యుడి కారు అన్న మాట దేశంలో నిజమవడానికి 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. అప్పటికి నాయుడు కన్నుమూసి దాదాపు పదేళ్లయింది.

పుదుచ్చేరి వాకిట్లో ఆయన పద్ధతి

నేటి కారు నాయుడు విప్పిన రడ్జ్ బండి వంటిది కాదు. ప్లగ్గు లోతైన గొట్టంలో దిగి ఉంటుంది. దాని నెత్తిన ఇగ్నిషన్ కాయిల్ కూర్చుంటుంది. దానిమీద ప్లాస్టిక్ కవచం. అయినా విప్పే క్రమం, చూసే ఓపిక మారలేదు. ఉప్పుగాలి వీచే పుదుచ్చేరిలో అవి మరింత అవసరం.

మొదటి నియమం ఇంజిన్ పూర్తిగా చల్లబడే వరకు ఆగడం. వేడిమీద ఉన్న అల్యూమినియం మరలు సులువుగా దెబ్బతింటాయి. బ్యాటరీ రుణధ్రువం తీగ విప్పి, కాయిల్ కనెక్టర్‌ను మెల్లగా తప్పించి, కాయిల్‌ను పైకి తీయాలి. ప్లగ్గు గుంటలో చేరిన ఇసుక, దుమ్మును గాలితో ఊదేయాలి. లేకుంటే ప్లగ్గు తీయగానే అది సిలిండర్‌లోకి జారుతుంది. అందని వెనుక వరుస ప్లగ్గులకు పొడవైన కడ్డీ, వంపు తిరిగే కీలు, ప్లగ్గును పట్టి ఉంచే సాకెట్ కావాలి. కొన్ని కార్లలో గాలి గొట్టాల సమూహాన్నే విప్పి పక్కన పెట్టాలి. అప్పుడు తెరుచుకున్న రంధ్రాలను శుభ్రమైన గుడ్డతో మూయడం, తిరిగి బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయడం మరువరాదు.

మొండికేసిన ప్లగ్గును బలంతో జయించబోతే హెడ్‌లోని మరలు ఊడివస్తాయి. చిన్న పనికి పెద్ద ఖర్చు తోడవుతుంది. తుప్పు వదిలించే ద్రవం కొద్దిగా వేసి, నాననిచ్చి, కొంచెం వదులు చేసి, మళ్లీ కొంచెం బిగించి, ముందుకూ వెనక్కూ కదుపుతూ తీయాలి. అప్పటికీ కదలకపోతే ఆగి అనుభవజ్ఞుణ్ని పిలవడమే తెలివి. తీసిన ప్లగ్గులను సిలిండర్ల వరుసలో పేర్చి కొనలను పరిశీలించాలి. ఏ సిలిండర్‌లో ఏం జరుగుతోందో అవి చెబుతాయి. కొత్త ప్లగ్గు సందు సాధారణంగా 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కచ్చితమైన కొలత కారు కరదీపికలో ఉంటుంది. బిగించేటప్పుడు రబ్బరు గొట్టం ముక్కకు ప్లగ్గును తొడిగి వేళ్లతోనే మొదటి మరలు ఎక్కించాలి. మర తప్పితే గొట్టం జారి హెచ్చరిస్తుంది. చివరి బిగింపును టార్క్ పానాతో కరదీపిక చెప్పినంతకే పరిమితం చేయాలి.

ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. షెడ్డులో ఇచ్చే డబ్బు మిగలడం స్వల్ప లాభం. తన బండి లోపల ఏముందో తనకు తెలియడం అసలు లాభం. ఆ తెలివి ఉన్నవాడిని ఎవరూ సులభంగా మోసగించలేరు. దారిలో బండి ఆగినా అతడు నిస్సహాయుడు కాడు. నాయుడు తన జీవితంతో చూపినది ఇదే.

పేరు నిలిచిన దారి

1967లో కోయంబత్తూరు అవినాశి రోడ్డులో నాయుడు పారిశ్రామిక ప్రదర్శన ఏర్పాటు చేశారు. యంత్రాలను అద్దాల వెనుక దాచకుండా జనానికి చూపాలన్న ఆయన అభిలాషకు అది రూపం. 1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. 2015లో అదే రోడ్డులో ఆయన పేరిట ఉన్న సంస్థ కార్ల ప్రదర్శనశాలను తెరిచింది.

2025 అక్టోబరు 9న అవినాశి రోడ్డు మీద ఉప్పిలిపాళయం నుంచి గోల్డ్‌విన్స్ వరకు 10.1 కిలోమీటర్ల పైవంతెన ప్రారంభమైంది. తమిళనాడు ప్రభుత్వం దానికి జి.డి. నాయుడు పేరు పెట్టింది. ఆ వంతెన దాటే కూడళ్లలో ఒకదానిని జనం ఇప్పటికీ హోప్స్ కాలేజీ అనే పిలుస్తారు. కళాశాల అక్కడి నుంచి తరలిపోయి దశాబ్దాలు గడిచినా కూడలికి పేరు మిగిలింది. ఒకనాడు రెండేళ్ల చదువు చాలునని వాదించి ఆ కళాశాల విడిచిన ప్రిన్సిపాల్ పేరు నేడు ఆ కూడలికి పైన, వాహనాలు సాగే దారికి ఉంది. ఆ దారిన తాను తలచిన చిన్న కారు మాత్రం నడవలేదు. అయితే వాటి బానెట్ ఎత్తి, అందని ప్లగ్గు కోసం చేయి చాచే ప్రతి మనిషీ ఆయన శిష్యవర్గంలోనివాడే.